చేతుల కొలత

మనిషి చెయ్యి ఎక్కడ మొదలవుతుందో నాకు ఆ ఆదివారం దాకా తెలియదు. భుజం చివర చర్మం కింద చిన్న ఎముక మొన ఒకటి తగులుతుంది. దాని మీద టేపు ఆనించి మధ్యవేలి కొస దాకా లాగుతారు. అదీ లెక్క. మా ఆంటీ కొడుకుని అలా కొలిచిన రోజు నేను రెండు గజాల దూరంలో కెమెరా పెట్టుకుని నిలబడి ఉన్నాను.

ఆంటీ నాకు చుట్టం కాదు. గ్లాస్గోలో మాస్టర్స్‌కి వచ్చినప్పుడు ఆవిడ ఇంట్లో వెనక గది అద్దెకి దొరికింది. గుంటూరు వైపు మనిషి, కేర్ హోమ్‌లో ఉద్యోగం. అంకుల్ దూరాన స్విండన్ అనే ఊళ్లో పనిచేస్తూ నెలకోసారి వచ్చి వెళ్తాడు. ఒక్కడే కొడుకు. ఇక్కడే పుట్టాడు, యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. పొడుగు తండ్రిది. మిగతాదంతా తల్లిది: వెడల్పాటి వీపు, లావు మెడ, పొట్టి చేతులు. ఆంటీ పొట్టిమనిషి కాబట్టి ఆవిడకి ఆ చేతులు సరిపోయాయి. అంత పొడుగు మనిషికి తగిలించేసరికి తేడా తెలిసేది. ఏ చొక్కా వేసుకున్నా అరచెయ్యి సగం దాకా మూసుకుపోయేది.

అతను ఆడేది ఇక్కడివాళ్లు కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. హెల్మెట్లు, భుజాలకి డొప్పలు పెట్టుకుని గుద్దుకునే అమెరికావాళ్ల ఫుట్‌బాల్. ఇక్కడి యూనివర్సిటీల్లోనూ ఆడతారని నాకు అంతకుముందు తెలియదు. ఇంట్లో చేరిన కొత్తలోనే ఆంటీ నన్ను పట్టేసింది.

"నీకు కంప్యూటర్ వచ్చుగా అమ్మాయ్? వాళ్ల టీమ్‌లో వీడియో తీసేవాడు మానేశాడంట. నువ్వు తియ్యి."

కెమెరా ఎప్పుడూ పట్టుకోలేదని చెప్దామని నోరు తెరిచేలోపు ఆవిడ కోటు వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయింది. నాకు మాట తొందరగా రాదు. వచ్చేసరికి ఎదుటివాళ్లు ఇంకో విషయంలో ఉంటారు. అందుకే డైరీ రాస్తాను. అందుకే ఏదైనా భయపెడితే ముందు దాని గురించి చదువుతాను. ఆ ఆట నియమాలన్నీ లైబ్రరీలో కూర్చుని నవల చదివినట్టు చదివేశాను. బంతి తెచ్చే జట్టు ముందు కొందరు గోడలా కూర్చుంటారు. వాళ్లకి ఎదురుగా, నేలకి చెయ్యి ఆనించి వంగి ఉండేవాడు డిఫెన్సివ్ లైన్‌మన్. గోడని పగలగొట్టి బంతి ఉన్నవాడి మీద పడటం అతని పని. బంతి మాత్రం అతని చేతికి దాదాపు ఎప్పుడూ రాదు.

వానలో, కెమెరాకి ప్లాస్టిక్ సంచి తొడిగి, ఆ శీతాకాలమంతా తీశాను. అందరూ బంతిని చూసేవాళ్లు. నేను ఆ చివర వంగి ఉన్న ఒక్క మనిషినే చూశాను. అతని మొదటి అడుగు చాలా గొప్పగా ఉండేది. బంతి కదలగానే, మిగతావాళ్లు ఇంకా లేస్తుండగానే అతను ఎదుటివాడి మీద ఉండేవాడు. ఆ అడుగు సరిగ్గా పడిన రోజున ఎదుటి జట్టువాళ్లు అతన్ని తిట్టడం కెమెరాలో కూడా రికార్డయ్యేది. అడుగు కొంచెం ఆలస్యమైతే మాత్రం వేరే సంగతి. ఎదుటివాడి అరచేతులు ముందుగా ఇతని గుండె మీద పడేవి. ఇక అంతే. గుండుసూది గుచ్చిన పురుగులా కాళ్లూ చేతులూ ఆడిస్తూ అక్కడే ఉండిపోయేవాడు. ఇతని చేతులు అవతలివాడి గుండె దాకా అందేవి కావు.

టీమ్‌లో అందరికీ ఇది తెలుసు. అతన్ని డైనోసార్ అనేవాళ్లు, ముందు కాళ్లు బుల్లివిగా ఉండే ఆ రకం. మ్యాచ్ అయ్యాక చిప్స్ తింటూ ఎవడో ఒకడు ఉప్పు సీసా బల్ల చివరికి జరిపేవాడు. "ఉండు ఉండు, నీకు అందదు, నేనిస్తా." ఒకసారి ఆటోమేటిక్ తలుపు దగ్గర ఒకడు, "నయం, ఇది దానంతటదే తెరుచుకుంటుంది, గొళ్లెం దాకా వీడి చెయ్యి వెళ్లదు" అన్నాడు. అందరికంటే గట్టిగా అతనే నవ్వేవాడు.

ఇంట్లో మాత్రం ఆంటీకి తెలిసింది ఒక్కటే: కోచ్ బరువు పెరగమన్నాడు. ఆవిడ ఆ మాటని డాక్టర్ చీటీలా పట్టుకుంది. నైట్ డ్యూటీ చేసి వచ్చి, యూనిఫాం విప్పకుండానే పొయ్యి వెలిగించేది. గుడ్లు, నెయ్యన్నం, మటన్, సంచులకొద్దీ ఓట్స్. అతను కుర్చీలో కూర్చుని తినేవాడు, ఆవిడ ఎదురుగా నిలబడి నోటి వంకే చూసేది. "ఇంకొక్క ముద్ద రా. నా బంగారం కదా." అతను "ఫుల్ మమ్, ఐయామ్ ఫుల్" అనేవాడు. ఇంకొక ముద్ద తినేవాడు. అప్పుడప్పుడు సింక్ దగ్గరికి వెళ్లి కక్కుకుని, ముఖం కడుక్కుని, మళ్లీ వచ్చి కూర్చునేవాడు.

వసంతం మొదట్లో కబురొచ్చింది. జర్మనీలో ఆటగాళ్లకి జీతాలిచ్చే ఒక జట్టు నుంచి ఒకాయన గ్లాస్గో వస్తున్నాడు. కాలేజీ కుర్రాళ్లలో ఎవరు పనికొస్తారో చూసి ఎంచుకోవడమే ఆయన ఉద్యోగం. అతను బాగా ఆడిన ముక్కలు అతికించి నేను పంపిన వీడియో చూసి ఇతన్ని పరీక్షకి రమ్మన్నాడు. చదువు అయిపోతోంది కాబట్టి ఇక యూనివర్సిటీకి ఆడటం ఉండదు. ఆయన తీసుకుంటే జర్మనీ. లేకపోతే ఆట అక్కడితో సరి. అతను ఆ రోజు మెట్ల మీద కూర్చుని నాతో ఇంగ్లీషులో, "నేను బాగా చేసే పని ఇదొక్కటే. ఇంజనీరింగ్‌లో నేను ఎలా ఉన్నానో నీకు తెలుసుగా" అన్నాడు. తెలుసు. అతని అసైన్‌మెంట్లలో ఇంగ్లీషు దిద్దేది నేనే.

ఆంటీ వాళ్ల తెలుగు చర్చి సంఘం గురువారం సాయంత్రాలు జూమ్‌లో ప్రార్థన పెట్టుకుంటుంది. ఆ గురువారం ఆంటీ ఫోన్‌ని చక్కెర డబ్బాకి ఆనించి కొడుకు సంగతి చెప్పి ఏడ్చింది. పాస్టర్ అంకుల్ కాసేపు ఆలోచించి, "ఉపవాస ప్రార్థన పెడదాం అమ్మా. అందరం కాదు, ఎవరికి భారం ఉంటే వాళ్లు. ఎవరి కోసం చేస్తున్నామో ఆ బిడ్డ కూడా ఉపవాసం ఉంటే మరీ మంచిది" అన్నాడు. ఆంటీ వెంటనే, "ఉంటాడయ్యగారూ, శుక్రవారం రాత్రి నుంచి పని జరిగేదాకా ఉంటాడు" అంది. కొడుకు హాల్లోనే ఉన్నాడు. తలెత్తి తల్లి వంక చూశాడు.

ఏడాది పాటు కక్కుకుంటూ తిన్న మనిషి, తూకం వేసే ముందు రోజంతా మంచినీళ్లు తాగుతూ కూర్చున్నాడు. శనివారం మధ్యాహ్నం నేను ధైర్యం చేసి ఆంటీ దగ్గరికి వెళ్లాను.

"ఆంటీ, రేపు బరువు చూస్తారు. పరుగెత్తిస్తారు. తినకపోతే కష్టం."

ఆవిడ మిషన్ మీద జాకెట్టు కుడుతోంది. సూది ఆపలేదు. "ఏడాది నుంచీ కిలోలు ఎక్కించింది ఎవరు? ఆ ప్రభువే. ఒక్క రోజులో తీసేసుకుంటాడా?" తరువాత నన్ను ఎగాదిగా చూసింది. "నీ నోట్లోంచి మాట ఊడిపడటమే తక్కువ. పడినప్పుడు ఇట్టాంటిదే పడుద్ది."

అతన్నీ అడిగాను. భుజాలు ఎగరేశాడు. "ఆమె వండితే తిన్నాను. ఆమె వద్దంటే ఎలా తింటాను?"

పరీక్ష ఊరి చివర ఇండోర్ హాల్లో. బస్సులో వెళ్లాం. అక్కడ మిగతా కుర్రాళ్లు అరటిపండ్లూ, వేరుశనగ ముద్ద రాసిన బ్రెడ్డూ తింటున్నారు. నా బ్యాగులో ఒక అరటిపండు ఉంటే తీసి ఇచ్చాను. అతను పండు వంక చూశాడు, గుటక మింగాడు, చాపబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇంటికెళ్లాక మమ్ అడుగుతుంది. నాకు అబద్ధం చెప్పడం రాదు."

జర్మనీ జట్టు మనిషి యాస అమెరికాది. నెరిసిన గడ్డం, ఉన్ని టోపీ, మెడలో విజిల్. కుర్రాళ్లందర్నీ నిక్కర్లతో వరసగా నిలబెట్టాడు. ఒక్కొక్కడూ కాటా ఎక్కడం, ఆయన బరువు పైకి చదవడం, పక్కన ఒక కుర్రది లాప్‌టాప్‌లో కొట్టుకోవడం. ఎవరితోనూ మాట్లాడడు. భుజం పట్టుకుని తిప్పుతాడు, తొడ మీద తడతాడు, వేళ్లు విడదీసి చూస్తాడు. ఊళ్లో గేదెల సంతకి మా తాతతో వెళ్లినప్పుడు చూశాను అలా చూసేవాళ్లని. అక్కడ కనీసం గేదెకి కొంచెం గడ్డి వేసేవాళ్లు.

మావాడు కాటా ఎక్కాడు. అనుకున్నదానికంటే నాలుగు కిలోలు తక్కువ. ఆయన ముఖం మారలేదు. తరువాత టేపు. భుజం మీది ఎముక వెతికి పట్టుకున్నాడు, వేలి కొస దాకా లాగాడు. అంకె చదవకుండా మళ్లీ మొదటి నుంచి కొలిచాడు. ఇంకో చెయ్యి కొలిచాడు. అప్పుడు చదివాడు. లాప్‌టాప్ కుర్రది, "మళ్లీ చెప్తారా?" అంది. ఆయన మళ్లీ చెప్పాడు, ఈసారి గట్టిగా. వరసలో ఎవడో నవ్వి, దగ్గుగా మార్చుకున్నాడు.

పరుగు, గెంతులు, ఒకరి మీదికి ఒకరు తోసుకోవడాలు అయ్యాయి. తిండి లేకపోయినా అతని మొదటి అడుగు అలాగే ఉంది. ఒక పొడుగువాణ్ని వెల్లకిలా పడేశాడు కూడా. నాకు ఆశ పుట్టింది. అప్పుడు ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"వీడియో నువ్వే తీశావా? నువ్వు పంపింది కాదు, మొత్తం మ్యాచ్‌లు చూపించు. అతను ఓడినవి."

అతను పక్కనే ఉన్నాడు, నీళ్ల సీసా పట్టుకుని. నేను అతని వంక చూశాను. అతను చూపించమన్నట్టు తలాడించాడు. ఒకటి పెట్టాను. "ఆపు" అన్నాడాయన. తెర మీద అతను, ఎదుటివాడి చేతుల చివర వేలాడుతున్నాడు. "ఇంకోటి." అదే. "ఇంకోటి." అదే. ప్రతిసారీ ఆయన తెర మీద అతని చెయ్యి దగ్గర వేలు పెట్టి, ఎదుటివాడి గుండెకీ దానికీ మధ్య ఉన్న ఖాళీని గోటితో గీసి చూపించాడు. ఆ ఖాళీ ఎప్పుడూ అంతే ఉంది, బెత్తెడు.

చివరికి అతనే అడిగాడు. "బరువు వల్లనా సార్? నేను నిన్నటి నుంచీ తినలేదు. మామూలుగా ఇంకా ఎక్కువుంటాను."

"బరువా? బరువు నేను తెప్పిస్తాను, రోజూ తిండి పెట్టి. అడుగు ఇంకా చురుగ్గా వేయడం నేర్పిస్తాను. చేతులు ఎక్కణ్నుంచి తేను?" ఆయన గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు. "పై ఆటలో అందరి అడుగూ నీ అడుగంతే ఉంటుంది. ఇంత పొట్టి చేతులు మాత్రం ఒక్క నీకే ఉంటాయి. ఏం చదువుతున్నావు?"

"ఇంజనీరింగ్."

"మంచిది. పూర్తి చెయ్యి."

టేపు చుట్టుకుంటూ ఆయన ఇంకొక కుర్రాడి వైపు వెళ్లిపోయాడు. అతను ఆ తర్వాత చాలాసేపు తన బూట్ల లేసులు కట్టుకున్నాడు. బస్సులో బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అరటిపండు బ్యాగులో నలిగి, వాసన వేసింది.

ఇంట్లో ఆంటీతో పాటు సంఘం ఆంటీలు ఇద్దరు ఎదురు చూస్తున్నారు. వాళ్లూ ఉపవాసమే. వంటగదిలో బిర్యానీ మూత పెట్టి ఉంది, ఇల్లంతా వాసన. అతను బూట్లు విప్పకుండా హాలు మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. ఆంటీ లేచి నిలబడి చేతులు జోడించుకుంది. "ఏమన్నార్రా?"

అతను తెలుగులో చెప్పాడు. అతని నోటి నుంచి అంత పొడుగు తెలుగు వాక్యం నేను వినలేదు, బహుశా ఆంటీ కూడా విని ఉండదు.

"బరువు తక్కువ. నేను తినలేదు కదా మమ్. అందుకని వద్దు అన్నారు."

ముగ్గురికీ అర్థమవ్వాలనే తెలుగులో చెప్పాడు. చెప్పి మేడ మీదికి వెళ్లిపోయాడు. ఆంటీ చేతులు జోడించినవి జోడించినట్టే ఉన్నాయి. ఒక ఆంటీ, "అదేందక్కా, తూకం ఉందని తెలిసీ పస్తు పెట్టావా?" అంది. రెండో ఆవిడ, "అయ్యగారు పెట్టమనలేదే, ఉంటే మంచిదన్నారు, అంతే. నువ్వే తొందరపడి ఒప్పుకున్నావ్" అంది. ఆ తర్వాత ఇద్దరూ బిర్యానీ తిన్నారు. ఉప్పు కొంచెం తగ్గిందన్నారు.

వాళ్లు వెళ్లాక గిన్నెలు కడుగుతుంటే ఆంటీ నా వెనక వచ్చి నిలబడింది.

"నువ్వక్కడే ఉన్నావుగా. నిజంగా అదే అన్నారా?"

నాకు మాట తొందరగా రాదని ఇంతకుముందే రాశాను. ఆ రోజు తొందరగానే వచ్చింది.

"బరువు గురించి కాదాంటీ. బరువు వస్తుందన్నారు. చేతులు పొట్టివన్నారు."

"ఎవరియ్యి?"

"అతనివి."

"ఎట్టా కొలిచారు?" అని అడిగింది. మిషన్ సొరుగులోంచి తన టేపు తెచ్చి నా చేతిలో పెట్టింది. "చూపించు." నేను ఆవిడ భుజం మీద ఎముక వెతికాను, తేలిగ్గానే దొరికింది. టేపు వేలి కొస దాకా లాగాను. ఆవిడ అంకె అడగలేదు. చెయ్యి అలా చాపి, అది తనది కానట్టు, దాని పొడుగునా చూసుకుంది.

"వాడు చెప్పిందే బాగుంది" అంది. "నేను పస్తు పెట్టానంటే, ప్రభువా తప్పయిందని మోకాళ్ల మీద పడేదాన్ని. దీనికి ఏం ఒప్పుకోమంటావు నన్ను?"

నేను పళ్లెం తుడుస్తున్నాను. ఆవిడ ఇంకో ప్రశ్న అడిగింది, గొంతు వేరేగా ఉంది.

"అక్కడ వాడేమీ తినలేదా?"

"లేదాంటీ. నేను అరటిపండు ఇస్తే కూడా వద్దన్నాడు."

"ఇచ్చావా?"

"ఇచ్చాను."

"ఊఁ" అంది. టేపు వేలికి చుట్టుకుంటూ వెళ్లిపోయింది.

మర్నాడు బట్టలారేసే చోట అతను నన్ను ఆపాడు. "ఆమెకి చెప్పేశావా?"

"అడిగింది."

"చేతులు ఆమెవి. ఆ మాట నేనెలా చెప్తాను? పస్తు అంటే ఒక నెల ఏడుస్తుంది, అయిపోతుంది. ఇప్పుడు రోజూ తన చేతులు తనకి కనిపిస్తాయి." నన్ను పైనుంచి కింది దాకా చూశాడు, తల్లి చూసినట్టే. "నీకు నోరు లేదనుకున్నాను. లేకపోతే బాగుండేది."

ఎందుకు తెలుగులో చెప్పావని, ఆ ఇద్దరి ముందు ఎందుకు చెప్పావని అడగాలనుకున్నాను. అడిగేలోపు అతను లోపలికి వెళ్లిపోయాడు. అది డైరీలోనే ఉండిపోయింది.

శనివారం సాయంత్రం సంఘం అద్దె హాల్లో కూడింది; ఆదివారాలు ఆ హాలు దొరకదు. నేను వాళ్ల మతం కాదు. ఆంటీ కుర్చీలు సర్దడానికి సాయం రమ్మంటే వెళ్తుంటాను. పాటలయ్యాక సాక్ష్యాలు, అంటే దేవుడు తమకేం చేశాడో ఒక్కొక్కరూ లేచి చెప్పడం. ఆంటీ లేచింది. కొడుకు పక్కనే ఉన్నాడు. నేను వెనక వరసలో ఉన్నాను. ఆవిడ పస్తు పెట్టినందుకు క్షమాపణ అడుగుతుందని అనుకున్నాను. ఆ ఇద్దరు ఆంటీలు కూడా అందుకే సిద్ధంగా ముందుకి వంగి కూర్చున్నారు.

"మా బిడ్డ నమ్మకంగా ఉపవాసమున్నాడు" అంది. "దేవుడు అంతా సిద్ధం చేసి పెట్టాడు. చివరి గడియలో శోధన వచ్చింది. బయటి అమ్మాయి ఒకతి, తెలియక, చిన్నపిల్ల, బిడ్డకి పండు ఇచ్చింది."

అంతవరకే చెప్పింది. తిన్నాడని అనలేదు. అనక్కర్లేదు. పండు చేతికిచ్చిన ఆడపిల్ల అనగానే మిగతా కథ, బైబిలు మొదటి పేజీల్లోది, ఆ హాల్లో చిన్నపిల్లలకి కూడా వచ్చు. తలలు ఒక్కొక్కటిగా నా వైపు తిరిగాయి. ఉప్పు తగ్గిందన్న ఆంటీ నాలుక చప్పరించి, "అయ్యో తల్లీ" అంది. పాస్టర్ అంకుల్ కళ్లు మూసుకుని, ఆ అమ్మాయి కోసం కూడా ప్రార్థన చేద్దామన్నాడు.

అతని ఒక్కడి తలే తిరగలేదు. అతనికి మొత్తం తెలుసు. ఒక్క ఇంగ్లీషు ముక్క అంటే చాలు. అతని మెడ వెనక కండ బిగుసుకోవడం నాకు కనిపించింది, బంతి కదిలే ముందు బిగుసుకున్నట్టే. ప్రార్థన సాగింది. ఆ హృదయం మెత్తబడాలని, ఆ చేతులు ఇకపై మంచికే సాగాలని ఎవరో బిగ్గరగా అడిగారు. చివర అందరితో పాటు అతను కూడా ఆమెన్ అన్నాడు. ఆంటీ కూర్చుంటూ అతని చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. రెండు చేతులూ ఒకేలా ఉన్నాయి. ఆవిడ ముఖం ఆ వారంలో మొదటిసారి తేటగా ఉంది.

తరువాత భోజనాలు. నేను కోటు తీసుకుని వెళ్లిపోదామని గోడ పక్కగా నడుస్తుంటే ఆంటీ పిలిచింది.

"ఎక్కడికమ్మాయ్? తిని పో."

ప్లేట్ నా చేతిలో పెట్టి తనే బిర్యానీ వడ్డించింది. గరిట గిన్నె అడుగుదాకా పోనిచ్చి వెతికింది. నాకు వేసిన ముక్క అందరికంటే పెద్దది. నేను తినేదాకా ఎదురుగా నిలబడి నా నోటి వంకే చూసింది.